ఆదోని ఎమ్మేకు కావలసిన అర్హతలు

"వచ్చే జూను నుంచి మన ఆదోనిలో ఎం.ఏ. గణితశాస్త్రం ప్రారంభమవుతుంది!"

మునిసిపల్ చైర్మన్ లక్ష్మీనరసయ్య గారు ఈ మాట ప్రకటించేసరికి రీడింగు రూములో కూర్చున్న పెద్దమనుషులంతా చప్పట్లు కొట్టినారు. అవి ఆగినాక వెనక బెంచీ నుంచి ఎవరో, "అయ్యా, మనూర్లో ఇంకా ఇంటరే లేదు గదా," అన్నారు.

చైర్మన్ గారు ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు నవ్వినారు.

"బళ్ళారిలో ఇంటరు పెడతారంట. వాళ్ళు పెట్టినాక మనమూ ఇంటరే పెడితే ఎప్పటికీ వాళ్ళకు తమ్ముళ్ళమే అవుతాము. అందుకని మనం పైనుంచి మొదలుపెడతాండాము. ముందు ఎం.ఏ. ఆ తర్వాత నిదానంగా బి.ఏ., ఇంటరు అని కిందికి దిగుతూ వస్తాము."

పైకప్పు వేసి, దాని కింద గోడలు లేపి, చివరన పునాది తవ్వే ఉపాయం అంతవరకూ ఏ దేశంలోనూ ఎవరికీ తట్టలేదు. పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకుని, తమ ఊరికి ఇంత తెలివి ఎట్లా వచ్చిందా అని ఆశ్చర్యపోయినారు.

"కాలేజీ యాడుంది మరి?" అన్నాడు వెనక బెంచీ మనిషి.

"వాన పడితే జనం జొన్నగిరికి వజ్రాలు ఏరను పోతారు. ఉందని తెలిసే పోతారా? పోతేనే గదప్పా దొరికేది!"

దీనికి జవాబు లేదు కాబట్టి మళ్ళీ చప్పట్లు పడినాయి.

ఆ సభలో ఒక్క మనిషికి మాత్రం కండ్ల నీళ్ళు తిరిగినాయి. అతని పేరు రంగనాయకులు. హైస్కూల్లో లెక్కల అయ్యవారు. పత్తి వ్యాపారుల ఇంట్లో పుట్టి కూడా మంచి పత్తికీ మట్టపత్తికీ తేడా తెలుసుకోలేకపోయినందున, పెద్దవాళ్ళు అతన్ని చదువుకు వదిలేసినారు. బి.ఏ. అయినాక ఎం.ఏ. చేస్తానని మద్రాసు పోయినాడు. బాగా సముద్రం చూసి, అనాలిసిస్ పేపరు తప్పి వచ్చినాడు. మళ్ళీ పోయి స్టాటిస్టిక్సు తప్పినాడు. మూడోసారి పోతే ఏది తప్పుతాడో ముందే లెక్కగట్టి చెప్పగలిగినంత శాస్త్రజ్ఞానం అప్పటికే వచ్చేసింది కాబట్టి, ఇంక పోలేదు. ఊర్లో అందరూ అతన్ని "ఎమ్మే అయ్యవారు" అంటారు. అది ఎగతాళి అని రంగనాయకులుకు తెలుసు. అయినా పిలిస్తే పలుకుతాడు. పలక్కపోతే ఆ మాత్రం కూడా మిగలదని భయం.

అట్లాంటి మనిషిని చైర్మన్ గారు దగ్గరికి పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, "ఎం.ఏ.కు ఏమేం అర్హతలు కావల్లనో రాసే సంఘానికి నువ్వే సెక్రెటరీ," అన్నారు. ఆ రోజు రంగనాయకులు ఇంటికి నడిచిపోలేదు, తేలిపోయినాడు.

సంఘం మొదటి సమావేశం చైర్మన్ గారి పత్తి జిన్నింగు ఫ్యాక్టరీ ఆఫీసులో జరిగింది. బల్ల మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టినారు. సభ్యుల్లో మూడోవాడు వీరభద్రయ్య. ఈయన ఎమ్మిగనూరు దేశసేవకుడు, నిండా ఖద్దరు కడతాడు. జైలుకు పోవల్లని ఆయనకు శానా కోరిక. కానీ బయలుదేరిన ప్రతిసారీ దగ్గరి చుట్టాల్లో ఏదో ఒక పెండ్లి అడ్డం పడుతుండేది.

రంగనాయకులు గొంతు సవరించుకుని తాను రాసుకొచ్చింది చదివినాడు. "రెండేండ్ల కోర్సు. ఆల్జీబ్రా, అనాలిసిస్, కాంప్లెక్సు నంబర్లు, ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్సు. ఆ పైన ఒక పరిశోధన వ్యాసం, వైవా. పెద్ద గ్రంథాలు చదువుకోను జర్మన్ భాషలో కొంత పరిచయం..."

వీరభద్రయ్య చేతిలో బజ్జి నోటి దగ్గరే ఆగిపోయింది. "జర్మనా? యుద్ధం నడుస్తాంటే శత్రువు భాషా? మనల్ని ముగ్గుర్నీ పట్టి లోపల వేస్తారప్పా!" లోపల అనే మాట తన నోటి నుంచే వచ్చేసరికి ఆయనకు చెమట పట్టింది. "తీసేసి హిందీ పెట్టు."

"హిందీలో పెద్ద లెక్కల పుస్తకాలు లేవండీ."

"మంచిదే గదా. పిల్లోల్లకు చదివే కష్టం తప్పుతుంది."

జర్మన్ పోయింది. చైర్మన్ గారు కుర్చీలో ముందుకు వంగినారు. "ప్రాబబిలిటీ అంటే ఏమిది?"

"పాచికలు వేస్తే ఏది పడుతుంది, పేకలో ఏ ముక్క వస్తుంది అని ముందుగానే..."

"జూదమా! ఎం.ఏ.లోనా!" చైర్మన్ గారు రెండు చెవులూ మూసుకున్నారు. క్లబ్బులో పేక బల్ల దగ్గర నుంచే లేచి వచ్చినందున, అందులో ఉండే చెడుగు ఆయనకు అందరికంటే బాగా తెలుసు. ప్రాబబిలిటీ పోయింది.

"కాంప్లెక్సు నంబర్లేమి?"

"అవి ఊహా సంఖ్యలప్పా. మామూలుగా కండ్లకు కనపడవు."

"ఉండేవాటికే రేషను పెట్టినారు. లేనివి యాడ తెచ్చి పంచుతావు? కొట్టేయ్."

ఆల్జీబ్రా దగ్గర మైనస్ గుర్తు వచ్చింది. సున్నాకంటే తక్కువ అని రంగనాయకులు వివరించినాడు. చైర్మన్ గారు లేచి గోడ మీది లక్ష్మీదేవి పటానికి దండం పెట్టుకున్నారు. "నాయనా, ఇది పత్తి వ్యాపారం చేసే ఊరు. పొద్దున లేచి ఆ గుర్తు చూస్తే ఏమైనా బాగుంటుందా? మా ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ వాడలేదు." మైనస్‌తోపాటు ఆల్జీబ్రా కూడా పోయింది.

"సున్నా?" అన్నాడు రంగనాయకులు భయం భయంగా.

"సున్నా మనవాళ్ళు కనిపెట్టింది!" వీరభద్రయ్య ఉద్రేకంతో లేచి నిలబడినాడు. "సున్నా ఉండి తీరల్ల. దానికి ఒక నిండు పేపరు ఇయ్యి."

ఇంక అనాలిసిస్. అదేమిటని అడిగితే, అంతులేని వాటిని గురించిన శాస్త్రమని చెప్పినాడు.

"రెండేండ్ల కోర్సులో అంతులేనిదాన్ని ఎట్లా ముగిస్తావు?" అన్నారు చైర్మన్ గారు.

మద్రాసు ప్రొఫెసర్లు కూడా రంగనాయకులును ఇంత కష్టమైన ప్రశ్న అడగలేదు. అనాలిసిస్ మీద అడ్డగీత కొట్టినాడు. శాస్త్రానికి జరిగిన అన్యాయానికి అతని కడుపు మండల్ల. న్యాయంగా చెప్పల్లంటే, మండలేదు. తనను పడగొట్టిన పేపరును తన చేత్తోనే కొట్టేసేసరికి గుండెల మీది బండ ఎవరో దించినట్టయింది. స్టాటిస్టిక్సు కూడా పోతుందేమోనని ఆశగా చూసినాడు. కానీ చైర్మన్ గారు, "అది ఉండనీ. సర్కారుకు ఎప్పుడైనా అంకెలు చూపించల్ల గదా," అన్నారు.

ఇంట్లో భార్య కనకమ్మ అన్నం వడ్డిస్తా అంతా విన్నది.

"ఇంతకూ ఏం మిగిలింది?"

"కూడిక, హెచ్చవేత, సున్నా. హిందీ. ఇంకా స్టాటిస్టిక్సు."

"అయితే ఈసారి మీరు పాసవుతారు."

రంగనాయకులు తల వంచుకుని పప్పు కలుపుకున్నాడు. మీటింగులో కూర్చున్నంతసేపూ అతను అనుకున్నది సరిగ్గా అదే. కనకమ్మ ఈ మాట నవ్వుతా అని ఉంటే కోపమైనా చేసుకునేవాడు. ఆమె నవ్వలేదు. అదే ఆమెతో వచ్చిన చిక్కు.

ప్రకటన పత్రికలో పడింది. ఆంధ్రదేశంలో ఎంతమంది చదివినారో గానీ, నమ్మినవాడు ఒక్కడే. వాని పేరు దేవేంద్రప్ప. సి.బెళగల్ దగ్గర ఒక మెట్ట పల్లె. అనంతపురంలో బి.ఏ. లెక్కలు ఫస్టు క్లాసులో పాసైనాడు. జొన్నరొట్టెల మూట చంకలో పెట్టుకుని, ఫ్యాక్టరీ ఆఫీసు గడప దగ్గర నిలబడి, "ఎం.ఏ.లో చేరనొచ్చినాను," అన్నాడు. వాని వెనక తండ్రి దుర్గప్ప. కొడుకును చదివించను జత ఎద్దుల్లో ఒకదాన్ని అమ్మినాడంట. మిగిలిన ఒంటెద్దుకు పక్కింటోని ఎద్దును కలిపి దున్నుకుంటాండాడు. "మద్రాసు పంపే తాహతు లేదు సామీ. దేవుడు మీ రూపంలో ఆదోనికే ఎమ్మే పంపినాడు," అని చైర్మన్ గారికి దండం పెట్టినాడు.

వాళ్ళను బయట కూర్చోబెట్టి చైర్మన్ గారు రంగనాయకులును లోపలికి పిలిచినారు. అంత కోపం ఆయన మొహంలో ఎన్నడూ లేదు.

"వాన్ని ఎవరు రమ్మన్నారు?"

"మనమే గదప్పా పత్రికలో వేసినాము."

"వేస్తే వచ్చేదా?"

వీరభద్రయ్య గడ్డం గీరుకుని ఉపాయం చెప్పినాడు. "అర్హతలు కొంచెం బిగించుదాము. దినామూ హాజరు ఉండల్ల. అది కూడా కాలేజీ ఆవరణలోనే." అప్పటికి కాలేజీ ఆవరణ అంటే ఎమ్మిగనూరు రోడ్డు పక్కన చైర్మన్ గారి బీడు. అందులో ఒక శంకుస్థాపన రాయి, దాని చుట్టూ తుమ్మకంప. ఎండకు రాయే పగిలేటట్టు ఉంది, పిల్లోడు ఎన్నాళ్ళుంటాడు?

పిల్లోడు ఉన్నాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి రాయి పక్కన కూర్చున్నాడు. విద్యార్థి హాజరైనాడు కాబట్టి అయ్యవారు కూడా హాజరు కావలసి వచ్చింది. రంగనాయకులు హైస్కూలు అయిపోయినాక గొడుగు పట్టుకుని పరుగెత్తేవాడు. కూడిక మొదటి రోజు అయిపోయింది, హెచ్చవేత రెండో రోజు. సున్నాను ఎంత సాగదీసినా వారం దాటలేదు.

అప్పుడు దేవేంద్రప్ప అడిగినాడు. "సార్, అనాలిసిస్ చెప్తారా?"

"అది సిలబస్సులో లేదప్పా."

"సిలబస్సులో ఉండేదంతా నిన్ననే అయిపోయింది గదా సార్."

రంగనాయకులుకు నిజం చెప్పక తప్పలేదు. "అది నాకే రాదురా. అందులోనే తప్పినాను."

"అయితే ఇద్దరం కలిసి చూద్దాం సార్. యాడ తప్పిపోయినారో ఆడ నుంచే మొదలుపెడదాము."

రంగనాయకులు ఇంటికి పోయి, అటక మీద పడేసిన మద్రాసు పుస్తకం దులిపి తెచ్చినాడు. తుమ్మకంప పుల్లతో నేల మీద గీతలు గీసినారు. గాలి వస్తే చెరిగిపోయేవి, మళ్ళీ గీసేవాళ్ళు. ఒక సాయంత్రం ఇద్దరూ ఒకే లెక్క దగ్గర తలలు కొట్టుకుంటాండగా, ఒక హద్దును ముట్టుకోకుండానే దానికి ఎంత కావల్లంటే అంత దగ్గరగా పోవడమంటే ఏమిటో రంగనాయకులుకు ఉన్నట్టుండి అర్థమైంది. మద్రాసులో అంత పెద్ద హాల్లో, అంత పెద్ద ప్రొఫెసరు నోట విని అర్థం కానిది, ఆదోని దుమ్ములో అర్థమైంది. వయసు, ఉద్యోగం, మెడలోని ఉత్తరీయం అన్నీ మరిచి, ఆ రాయి చుట్టూ ఒక చుట్టు ఎగిరినాడు. రోడ్డు మీద పత్తిబండి తోలుకుపోయే గోవిందన్న ఎద్దులను ఆపి, "ఏమైంది సామీ, తేలు గానీ కుట్టిందా?" అని అడిగినాడు.

ఇక్కడ ఇట్లా ఉండగా, చైర్మన్ గారి దీక్ష వల్ల కాలేజీ పని కూడా మొదలైంది. యుద్ధం రోజులు. సొంత ఇంటి చూరు కారుతాన్నా సిమెంటు దొరకదు. కానీ విద్యాసంస్థ అనేసరికి సర్కారు సంతోషంగా పర్మిట్టు ఇచ్చింది. సిమెంటు వచ్చింది, ఇనుము వచ్చింది. కట్టడం లేచేకొద్దీ చైర్మన్ గారి దూరదృష్టి రంగనాయకులుకు కొంచెం కొంచెంగా అర్థమైంది. కిటికీలు ఒక్కటి కూడా పెట్టలేదు. "లెక్కలకు గాలెందుకు? ఏకాగ్రత కావల్ల," అన్నారు చైర్మన్ గారు. మెట్లు లేవు. అరుగు సరిగ్గా లారీ ఎత్తుకు కట్టినారు. పల్లెల నుంచి వచ్చే పిల్లోల్లు లారీ దిగే శ్రమ లేకుండా నేరుగా క్లాసులో అడుగు పెట్టవచ్చు. వాకిలి రెండు బండ్లు పక్కపక్కన పోయేటంత వెడల్పు. విద్య అందరికీ తెరిచి ఉండల్ల గదా. లోపల గోడలే లేవు, ఒకే హాలు.

రంగనాయకులుకు అనుమానం రాలేదా అంటే, వచ్చింది. కానీ అతను గణితజ్ఞుడు. రుజువు లేకుండా ఏదీ నమ్మకూడదు. రుజువు కోసం వెతకకూడదని కూడా మనసులో ఒక నియమం పెట్టుకున్నాడు.

కట్టడం పూర్తయ్యేసరికి రెండేండ్ల కోర్సులో ఇంక వ్యాసం మిగిలింది. దేవేంద్రప్పకు ఏ విషయం ఇవ్వల్లనని అడగను పోతే, చైర్మన్ గారు ఆలోచించను కూడా లేదు. "ఈ హాల్లో పత్తి బేళ్ళు ఎట్లా పేర్చితే ఎక్కువ పడతాయి? రాయమను. స్టాటిస్టిక్సు కిందికి వస్తుంది."

"అది స్టాటిస్టిక్సు కాదప్పా, అది..."

"అంకెలు ఉంటాయా ఉండవా?"

ఉంటాయి. దేవేంద్రప్ప రాసినాడు. వైవాకు పరీక్షాధికారులు ముగ్గురూ కూర్చున్నారు.

"నాయనా, వందేమాతరం అను," అన్నాడు వీరభద్రయ్య. వాడు అన్నాడు. హిందీ పాస్.

"పత్తి తడిస్తే బేలు బరువు పెరుగుతుందా, తగ్గుతుందా?" అన్నారు చైర్మన్ గారు.

"పెరుగుతుందండీ. కొనేవాడు చూడకపోతే," అన్నాడు దేవేంద్రప్ప.

చైర్మన్ గారు వానివైపు మొదటిసారి ప్రేమగా చూసినారు. రంగనాయకులు వంతు వచ్చింది. రాయి పక్కన తేలకుండా మిగిలిపోయిన లెక్క ఒకటి అడగల్లనిపించింది. మిగతా ఇద్దరూ గడియారం చూస్తాంటే, "సున్నా ఎవరు కనిపెట్టినారు?" అని అడిగినాడు. మనవాళ్ళే. అందులోనూ పాస్.

వ్యాసం నిజమో కాదో ప్రయోగం చేసి చూడల్లని చైర్మన్ గారు పట్టుబట్టినారు. మర్నాటి నుంచి లారీలు వచ్చినాయి. దేవేంద్రప్ప చెప్పినట్టే బేళ్ళు పేర్చినారు. హాలు వాకిలి దాకా, దూలాల దాకా నిండిపోయింది. నిజం రుజువైంది. ఇంత గొప్ప రుజువును చెరపడం శాస్త్రానికి ద్రోహమని, బేళ్ళను అట్లనే ఉంచేసినారు.

అంతలో మద్రాసు నుంచి ఒక ఆఫీసరు, పర్మిట్టు సిమెంటుతో నిజంగా కాలేజీ కట్టినారా అని చూడను వచ్చినాడు. తలుపు తెరిచి లోపలికి తొంగి చూసినాడు.

"ఇదేమిటి?"

"ల్యాబరేటరీ," అన్నారు చైర్మన్ గారు.

"విద్యార్థులు?"

దేవేంద్రప్ప దండం పెట్టినాడు.

"అధ్యాపకులు?"

రంగనాయకులుకు అప్పుడు నోరు తెరిచే అవకాశం వచ్చింది. జీవితంలో ఒక్కసారి నిజం చెప్పను దొరికే సమయం. పత్తి వాసనకు తుమ్ము వచ్చింది. తుమ్మినాడు. తుమ్మినాక చైర్మన్ గారి మొహం చూసినాడు. "నేనేనండీ," అన్నాడు.

ఆఫీసరు రాసుకున్నాడు. ఒక విద్యార్థికి ఒక అధ్యాపకుడు. రాజధానిలో కూడా లేని నిష్పత్తి. ఉత్తీర్ణత నూటికి నూరు. అంకెలు ఇంత బాగుంటే ఇంక చూసేదేముంది? భోజనం చేసి, సంతోషంగా పోయినాడు. స్టాటిస్టిక్సు ఎందుకు ఉంచినారో రంగనాయకులుకు ఆ రోజు తెలిసింది.

డిగ్రీ ప్రదానం హాలు ముందర ఎండలో జరిగింది. రంగు కాగితం మీద ముద్ర వేసి చైర్మన్ గారు దేవేంద్రప్ప చేతికిచ్చినారు. దుర్గప్ప ఆ కాగితాన్ని కండ్లకు అద్దుకున్నాడు. అది చూసి రంగనాయకులు అక్కడ నిలబడలేక హాలు వెనకకు పోయినాడు. దేవేంద్రప్ప వెతుక్కుంటా వచ్చినాడు.

"రేయ్," అన్నాడు రంగనాయకులు నేల చూస్తా, "ఆ కాగితం ఎవరికీ చూపద్దు. నీ బి.ఏ. కాగితమే చూపు. నేను ముందే చెప్పుండల్ల. మీ నాయన ఎద్దు..."

"తెలుసు సార్."

"ఏం తెలుసు?"

"అరుగు కట్టేటప్పుడే తెలుసు. మా ఊరోళ్ళు పత్తి తెచ్చేది ఇట్లాంటి అరుగులకే గదా."

"తెలిసి యాలా ఉన్నావురా, ఇంత ఎండలో?"

"అనాలిసిస్ సగంలో ఉండె గదా సార్," అన్నాడు దేవేంద్రప్ప. "ఇంక పర్వాలేదు. మద్రాసులో ఒక బడిలో పని దొరికింది. ఆడ ఉండి నిజం పరీక్ష రాస్తాను. నాయనకు ఎద్దు కూడా కొనిస్తాను." తర్వాత వంగి కాళ్ళకు దండం పెట్టినాడు. "మీరూ రాండి సార్, ఇద్దరం రాద్దాము."

రంగనాయకులు నవ్వినాడు. దేవేంద్రప్ప మద్రాసు పోయే రోజు స్టేషన్లో రైలు కదిలేదాకా నిలబడి, ఖాళీ ప్లాట్‌ఫారం మీద తన చెయ్యి ఇంకా ఊగుతా ఉండేది చూసుకుని కిందికి దించినాడు. ఆ రాత్రి కనకమ్మ అడక్కుండానే ఇంకో రొట్టె వేసింది.

వానలు పడి, మళ్ళీ పత్తి కాపుకు వచ్చే రోజుల్లో చైర్మన్ గారు కబురు పెట్టినారు. ఆఫీసులో వీరభద్రయ్య కూడా ఉన్నాడు. ఇద్దరి మొహాలూ వెలిగిపోతాండాయి.

"రంగనాయకులూ, మన ఎం.ఏ. జయప్రదమైంది. సర్కారు మెచ్చుకుంది. ఈసారి ఎమ్మిగనూరులో మెడికల్ కాలేజీ పెడతాండాము. దానికి ఏమేం అర్హతలు కావల్లనో నువ్వే రాయల్ల."

రంగనాయకులు ఉలిక్కిపడినాడు. "నాకు వైద్యం తెలీదప్పా."

చైర్మన్ గారు ఆశ్చర్యంగా చూసినారు. "లెక్కలు తెలిసే రాసినావా?"

కిటికీ బయట లారీ ఒకటి హారన్ కొట్టింది. వీరభద్రయ్య బజ్జీల తట్ట ముందుకు తోసినాడు.

"రెండేండ్ల కోర్సు అని వేసుకుందామా?" అన్నాడు రంగనాయకులు, పెన్ను మూత తీస్తా.